ఫిబ్రవరిలో 80-70, మేలో 73-92: ఫెనర్‌బాచె, ఎఫెస్‌ల మధ్య అసలేం జరిగింది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2019 ఫిబ్రవరిలో టర్కీ బాస్కెట్‌బాల్ కప్ ఫైనల్లో ఫెనర్‌బాచె 80-70తో అనాదొలు ఎఫెస్‌ని ఓడించింది, మూడు నెలలు తిరిగేసరికి యూరోలీగ్ (యూరప్ క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ) సెమీఫైనల్లో అదే ఎఫెస్ 92-73తో ఫెనర్‌ని చితక్కొట్టింది. మరి ఆ కప్ ఫైనల్ గాలివాటంగా వచ్చిందేనా? అసలు ఈ రెండు క్లబ్బులవి నిజమైన శత్రుత్వమా, టీవీ వాళ్ళు అంటగట్టిందా?

కాలేజీ రోజుల్లో గుంటూరులో గార్డ్‌గా (బంతిని నడిపించే ఆటగాడిగా) ఆడాను, తర్వాత కొన్నేళ్ళు జిల్లా పోటీల్లో ఈల ఊదాను, 2017 నుంచి మూడేళ్ళు ఉద్యోగం పేరుతో ఇస్తాంబుల్‌లో ఉన్నాను. ఆ ఫైనల్ అంకారాలో జరిగితే నేను ఇస్తాంబుల్‌లో, ఆసియా వైపున్న కాడికొయ్‌లో, మా వీధి చివర టీకొట్లో కూర్చుని చూశాను. కాడికొయ్ అంటే ఫెనర్‌బాచె సొంత ఇల్లు, అక్కడ పిల్లలు పసుపు, నీలం చొక్కాతోనే పుడతారేమో అనిపిస్తుంది. కాబట్టి నేను చెప్పేదాంట్లో కాస్త ఫెనర్ వాసన వస్తే ఏమీ అనుకోకండి.

ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం, ఎందుకంటే మొదటిదానికి జవాబు సగం అందులోనే ఉంది.

ఫెనర్‌బాచెకి పుట్టుకతో వచ్చిన ప్రత్యర్థి గలతసరాయ్. అది ఫుట్‌బాల్‌లో మొదలై, బాస్కెట్‌బాల్, వాలీబాల్, చివరికి ఏ ఆటలో ఎదురుపడినా వదలని పగ. దాని తీవ్రత తెలియాలంటే ఒక్క 2014 సంవత్సరం చాలు. ఆ ఏడాది మహిళల యూరోలీగ్ ఫైనల్లో ఈ రెండు ఇస్తాంబుల్ క్లబ్బులే తలపడ్డాయి, రష్యాలోని యెకాటెరిన్‌బర్గ్‌లో, గలతసరాయ్ 69-58తో గెలిచింది. అక్కడ యూరప్ కప్పు కోసం పరువుగా ఆడుకున్నారు. అదే ఏడాది జూన్‌లో పురుషుల టర్కీ లీగ్ ఫైనల్ సిరీస్ 3-3 దగ్గర నిలిచింది, ఏడో మ్యాచ్‌కి గలతసరాయ్ అసలు రానే లేదు. నిరసన అని ఇంట్లో కూర్చున్నారు. ఫెనర్ వాళ్ళు డ్రెస్సులేసుకుని కోర్టులోకి వచ్చారు, ఎదురుగా ఎవరూ లేరు, టైటిల్ చేతికిచ్చేశారు. మన దగ్గర అంతర కళాశాలల పోటీల్లో అవతలి బస్సు రాక వాకోవర్ ఇచ్చిన సందర్భాలు చూశాను గానీ, దేశపు లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో అలా జరగడం ఇంకెక్కడా వినలేదు.

ఎఫెస్ మాత్రం వేరే రకం పక్షి. అది 1976లో పుట్టిన క్లబ్, వెనకాల ఉన్నది బీరు కంపెనీ. 2011 దాకా పేరే ఎఫెస్ పిల్సెన్, మద్యం ప్రచారం మీద నిబంధనలు బిగించాక అనాదొలు ఎఫెస్ అయింది. దానికి ఫుట్‌బాల్ టీమ్ లేదు, పేట లేదు, తాతలనాటి అభిమానులు లేరు. కానీ 1996లో కొరాచ్ కప్ గెలిచి యూరప్ స్థాయిలో టర్కీకి మొదటి క్లబ్ ట్రోఫీ తెచ్చింది వీళ్ళే, అప్పుడు కోచ్ ఐదిన్ ఓర్స్. ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌లో ఎవరి పక్షం వాళ్ళదైనా, బాస్కెట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఎఫెస్ వాళ్ళేనట, మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పేవాడు. (అక్కడ వయసులో పెద్దవాళ్ళని ‘అబి’ అంటారు, అచ్చం మనం అన్నా అన్నట్టే. నాకు ఆ ఊరు త్వరగా అలవాటు కావడానికి సగం కారణం ఆ పిలుపే.)

ఫెనర్ బాస్కెట్‌బాల్ కూడా కంపెనీ డబ్బుతోనే లేచింది లెండి. 2006లో బిస్కెట్ల కంపెనీ ఉల్కెర్ తన సొంత టీమ్‌ని తెచ్చి ఫెనర్‌లో కలిపేసింది, అప్పట్నుంచి తొమ్మిదేళ్ళు ఫెనర్‌బాచె ఉల్కెర్. మీరు అడిగిన ఫైనల్ నాటికి చొక్కా మీద ఉన్న పేరు బెకో. అవును, మన ఇళ్ళలో వోల్టాస్ బెకో అని ఫ్రిజ్‌లు ఉంటాయే, ఆ బెకోనే.

మరి కంపెనీ టీమ్ మీద అంత కసి ఎందుకు? నా లెక్కలో దానికి ఒకటే కారణం, ఎర్గిన్ అతామన్. 2014లో ఏడో మ్యాచ్‌కి రాని గలతసరాయ్‌కి కోచ్ ఆయనే. అంతకుముందు 2012లో ఇంకో ఇస్తాంబుల్ క్లబ్ బెషిక్తాష్‌కి టర్కీ కప్, లీగ్, యూరప్ పోటీ యూరోచాలెంజ్ మూడూ ఒకే సీజన్‌లో తెచ్చింది కూడా ఆయనే. 2017 డిసెంబరులో ఎఫెస్‌కి వచ్చాడు. ఇటు ఫెనర్ బెంచీ మీద 2013 నుంచి జెల్కో ఒబ్రాడోవిచ్, కోచ్‌గా తొమ్మిది యూరోలీగ్‌లు గెలిచిన మనిషి. అంటే 2014లో ఎదురెదురు బెంచీల మీద కూర్చున్న ఇద్దరే 2019లోనూ కూర్చున్నారు, ఒకరి చొక్కా రంగు మారింది అంతే. కాడికొయ్ టీకొట్లో ఎఫెస్‌ని తిట్టిన నోరు నేను వినలేదు, తిట్లన్నీ అతామన్‌కే. ఆయన తెర మీద కనిపించినప్పుడల్లా వెనక టేబుల్ నుంచి ఒక సన్నని ఈల, ఆ వెంటనే నవ్వులు.

కాబట్టి టీవీ వాళ్ళు అంటగట్టింది కాదు, అలాగని గలతసరాయ్‌తో ఉన్నలాంటిదీ కాదు. ఫెనర్ కప్పు గెలిచిన ఆ రాత్రి మా వీధిలో చప్పట్లు కొట్టారు, ఇంకో రౌండ్ చాయ్ చెప్పారు, పది నిమిషాల్లో మళ్ళీ ‘ఓకె’ ఆటలో పడిపోయారు (మన రమ్మీ లాంటిదే, పేకముక్కల బదులు పలకలతో ఆడతారు). గలతసరాయ్‌ని కొట్టిన రోజు ఇలా ఉండదు. ఆ రోజు అర్ధరాత్రి దాటినా కార్ల హారన్లు ఆగవు, మర్నాడు పొద్దున ఆఫీసులో మీటింగులు సాగవు.

ఇక మొదటి ప్రశ్న. గాలివాటమా? కాదు. కానీ ఆ ఫైనల్ స్కోరు పట్టుకుని మే నెల మ్యాచ్‌ని అంచనా వేయడం తప్పు. ఎందుకో చెప్తాను.

టర్కీ కప్ నడిచే పద్ధతి చూడండి. లీగ్ సగం అయ్యేసరికి పైన ఉన్న ఎనిమిది టీములు ఫిబ్రవరిలో ఒక ఊళ్ళో కలుస్తాయి. క్వార్టర్ ఫైనల్, సెమీస్, ఫైనల్, ఓడితే ఇంటికే. ఫైనల్ చేరే టీమ్ ఒకే వారంలో మూడు మ్యాచ్‌లు ఆడుతుంది, అదీ యూరోలీగ్ ప్రయాణాల మధ్యలో దొరికిన ఖాళీలో. సిరీస్ అయితే మొదటి మ్యాచ్‌లో దెబ్బతిన్న కోచ్ రెండో మ్యాచ్‌కి మందు వెతుక్కుంటాడు. ఇక్కడ ఆ టైం లేదు. నలభై నిమిషాలు, ఒక రాత్రి.

అందుకే ఈ కప్పు గెలిచినవాళ్ళ పేర్లు చదివితే మీకు తమాషాగా ఉంటుంది. 2014లో ఇజ్మీర్ క్లబ్ కార్షియాకా, 2015లో ఎఫెస్, 2016లో ఫెనర్, 2017లో బాన్విత్ (బాందిర్మా అనే చిన్న ఊరి టీమ్, వెనకాల ఉన్నది కోళ్ళ కంపెనీ), 2018లో మళ్ళీ ఎఫెస్. ఇందులో రెండు ఏళ్ళు జాగ్రత్తగా చూడండి. 2017లో ఫెనర్ ఇస్తాంబుల్‌లోనే ఒలింపియాకోస్‌ని 80-64తో ఓడించి యూరోలీగ్ గెలిచింది, టర్కీ లీగ్ గెలిచింది, కప్పు మాత్రం కోళ్ళ కంపెనీ వాళ్ళు ఎత్తుకుపోయారు. 2018లో ఎఫెస్ కప్పు గెలిచింది, అదే సీజన్ యూరోలీగ్‌లో 30 మ్యాచ్‌లకి 7 గెలిచి 16 టీముల్లో ఆఖరున నిలిచింది. కప్పు ఒక్కటే చూసి ఎవరు గొప్పో చెప్పాలంటే ఆ ఏడాది మీరు ఎఫెస్ మీద ఆస్తి రాసిచ్చేవారు.

ఇప్పుడు 2019కి వద్దాం. ఫిబ్రవరి నాటికి యూరప్‌లో ఫెనర్‌ని మించిన టీమ్ లేదు. యూరోలీగ్ రెగ్యులర్ సీజన్ 25 గెలుపులు, 5 ఓటములతో అందరికన్నా పైన ముగించింది. ఎఫెస్ 20-10తో నాలుగో స్థానం, ముందేడాది అట్టడుగున ఉన్న టీమ్‌కి అది కూడా అద్భుతమే అనుకోండి. 2018 వేసవిలోనే ఎఫెస్ వాళ్ళు షేన్ లార్కిన్, వాసిలియె మిచిచ్ అనే ఇద్దరు గార్డ్‌లని తెచ్చుకున్నారు. మిచిచ్‌కి టర్కీ కొత్త కాదు, అంతకుముందు బుర్సా క్లబ్ తోఫాష్‌కి ఆడాడు. లార్కిన్ మాత్రం బోస్టన్ సెల్టిక్స్ నుంచి వచ్చాడు, సీజన్ మొదట్లో కుదురుకోలేక అవస్థపడ్డాడు.

ఫెనర్ గుట్టు రక్షణలో ఉండేది. ఒబ్రాడోవిచ్ ఆటని నెమ్మదిగా నడిపిస్తాడు, షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్లలో 20 వాడుకున్నా తొందరపడడు. అవతలివాళ్ళు పిక్ అండ్ రోల్ ఆడితే (అంటే పొడుగాటి ఆటగాడు వచ్చి గోడలా నిలబడతాడు, బంతి పట్టుకున్న గార్డ్ ఆ గోడ పక్కనుంచి దూసుకెళ్తాడు) ఫెనర్ పొడుగువాళ్ళు యాన్ వెసెలీ, నికోలో మెల్లి ఏమాత్రం కంగారు లేకుండా మనుషుల్ని మార్చేసుకుని ఆ చిన్న గార్డ్‌నే కాచేవాళ్ళు. 6 అడుగుల 11 అంగుళాల మనిషి, గార్డ్‌లా పక్కకి కదులుతూ ఎదురు నిలబడితే లార్కిన్ లాంటి 5 అడుగుల 11 అంగుళాల కుర్రాడికి దారేది? వెసెలీకి ఆ సీజన్ యూరోలీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి బహుమతి) ఊరికే ఇవ్వలేదు. ఫైనల్ స్కోరు మళ్ళీ చూడండి, 80-70. ఎఫెస్‌ని 70 దగ్గర ఆపేశారంటే ఆట ఒబ్రాడోవిచ్ వేగంలోనే నడిచిందని అర్థం.

మేలో స్పెయిన్‌లోని విటోరియాలో ఏమైంది? ఫెనర్ సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) జోఫ్రీ లోవర్న్ గాయంతో ఆడలేదు. వెసెలీ ప్లేఆఫ్స్‌లో దెబ్బ తగిలి పూర్తిగా కోలుకోకుండానే దిగాడు. పొడుగువాళ్ళ కాళ్ళలో సత్తువ లేకపోతే ఆ మార్చుకునే రక్షణ మొత్తం కూలిపోతుంది, ఎందుకంటే అది పథకం కాదు, ఆ పొడుగువాళ్ళ కాళ్ళే. అటు లార్కిన్ అప్పటికి వేరే మనిషి. ఆ రాత్రి 30 పాయింట్లు కొట్టాడు. నెమ్మదిగా వెనక్కి జరుగుతున్న సెంటర్‌ని చూశాడా, ఒక్క అడుగు ఇటు, ఒక్క అడుగు అటు, బంతి గాల్లో. ఎఫెస్ సెంటర్ డన్‌స్టన్ గోడ కట్టడం, లార్కిన్ ఆ పక్కనుంచి రావడం, ఇదే బొమ్మ మళ్ళీ మళ్ళీ. ఫిబ్రవరిలో ఆడిన ఆటే ఇదీ, ఎదురుగా ఉన్న కాళ్ళు మారాయి అంతే.

ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు. టర్కీ దేశవాళీ పోటీల్లో విదేశీ ఆటగాళ్ళ మీద పరిమితి ఉంటుంది, యూరోలీగ్‌లో ఉండదు. కప్ ఫైనల్‌కీ యూరోలీగ్ సెమీస్‌కీ జెర్సీలు ఒకటే అయినా, కోచ్ చేతిలో ఉండే ముక్కలు వేరు. దేశవాళీ మ్యాచ్‌లో మెలిహ్ మహ్ముతోలు, దోవుష్ బల్‌బాయ్ లాంటి టర్కీ ఆటగాళ్ళ నిమిషాలకి విలువ పెరుగుతుంది. ఫెనర్‌లో అలీ ముహమ్మద్ అని ఒక పొట్టి గార్డ్ ఉండేవాడు, షికాగోలో పుట్టిన బాబీ డిక్సనే, టర్కీ పౌరసత్వం తీసుకున్నాక ఆ పేరు పెట్టుకున్నాడు. అలాంటి ఒక్కడు ఉంటే స్థానికుడి కుర్చీలో విదేశీ నైపుణ్యం కూర్చున్నట్టే. 2020లో లార్కిన్ కూడా టర్కీ పౌరుడయ్యాడు, అప్పుడు ఎఫెస్ వాళ్ళ ఆనందం మామూలుగా లేదు, ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

అలసట గురించి ఒక మాట, ఇది నా అనుభవం. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో రెండు రోజుల్లో మూడో మ్యాచ్, ఫైనల్, ఒక్క పాయింట్ వెనకబడి ఉన్నాం, నాకు రెండు ఫ్రీ త్రోలు. రెండూ రింగు ముందు అంచుకి తగిలి బయట పడ్డాయి. చేయి వణికిందని అందరూ అనుకున్నారు, టెన్షన్ అన్నారు. చేతిది కాదు, కాళ్ళది. షాట్‌కి బలం మోకాళ్ళ నుంచి వస్తుంది, కాళ్ళు అలిసిపోతే బంతి ఎప్పుడూ పొట్టిగానే పడుతుంది. అప్పట్నుంచి టోర్నమెంట్ ఫైనల్ ఏది చూసినా మూడో క్వార్టర్ చివర్లో మిస్ అయిన షాట్లు రింగుకి ముందు తగులుతున్నాయా, వెనక తగులుతున్నాయా అని చూస్తాను. ముందు తగులుతున్న టీమ్ చివరి ఐదు నిమిషాల్లో ఇబ్బంది పడుతుంది. స్కోరు బోర్డు చెప్పేకన్నా ముందు ఇది చెప్తుంది. మీరూ ఒకసారి గమనించండి.

చూసేటప్పుడు ఇంకొకటి, ఎన్‌బీఏ అలవాటుతో చూడకండి. ఇక్కడ క్వార్టర్ పది నిమిషాలే, ఐదో ఫౌల్‌తో ఆటగాడు బయటికి (ఎన్‌బీఏలో ఆరు). మొదటి క్వార్టర్‌లోనే ప్రధాన సెంటర్‌కి రెండు ఫౌల్స్ పడితే కోచ్ అతన్ని దాచుకోక తప్పదు, రెండో క్వార్టర్ మొత్తం బెంచీవాళ్ళ చేతికి పోతుంది. ఫెనర్, ఎఫెస్ మ్యాచ్‌లు నేను చూసినవాటిలో సగం అక్కడే అటో ఇటో ఒరిగాయి, జనం మాత్రం చివరి మూడు పాయింట్ల షాట్ గురించే మాట్లాడుకుంటారు.

రిఫరీలని తిట్టడం గురించి కూడా మీరు రాశారు, ‘కప్ ఫైనల్లో ఫెనర్‌కి అనుకూలంగా ఊదారు’ అని ఎవరో అన్నారని. ఈల ఊదినవాడిగా చెప్తున్నాను, మనుషుల్ని మార్చేసుకుని ఒంటి మీదకి వచ్చే రక్షణ ఆడే టీమ్ ప్రతి మ్యాచ్‌లో ఈ మాట పడుతుంది. ప్రతి తాకిడికీ ఊదితే ఆట సాగదు, కాబట్టి కొంత వదిలేస్తారు, వదిలేసిన లాభం రక్షణ గట్టిగా ఆడేవాడికే వెళ్తుంది. ఒబ్రాడోవిచ్‌కి ఇది అందరికన్నా బాగా తెలుసు. అంచు దాకా వెళ్ళి ఆడటం కుట్ర కాదు.

ఆ సీజన్ కథ మే నెలతో అయిపోలేదు. ఫెనర్‌ని దాటిన ఎఫెస్ యూరోలీగ్ ఫైనల్లో సిఎస్‌కెఎ మాస్కో చేతిలో 91-83తో ఓడింది. జూన్‌లో టర్కీ లీగ్ ఫైనల్, మళ్ళీ ఇవే రెండు టీములు, ఏడు మ్యాచ్‌ల దాకా సాగింది, ఏడోదాంట్లో ఎఫెస్ 89-74తో గెలిచి 2009 తర్వాత మొదటిసారి లీగ్ ఎత్తింది. ఆ సిరీస్‌లో ఒక మ్యాచ్‌కి నేను ఆతాషెహిర్‌లోని ఫెనర్ అరీనాకి వెళ్ళాను. పక్క సీటాయన టీకొట్టు బ్యాచ్‌లా నవ్వుతూ ఈల వేసే రకం కాదు, మొదటి నుంచి చివరి దాకా నిలబడే ఉన్నాడు, నన్నూ నిలబెట్టాడు. అతామన్ టైమవుట్ తీసుకున్నప్పుడల్లా ఆ హాల్లో వచ్చే ఈలల హోరుకి రెండు రోజులు నాకు చెవులు గింగురుమన్నాయి. పేట లేని కంపెనీ టీమ్ మీద అంత హోరు ఏమిటా అని అప్పుడే మొదటిసారి ఆలోచించాను.

తర్వాతి ఏడాది, 2020లో, ఫెనర్ మళ్ళీ కప్పు గెలిచింది, ఈసారి ఫైనల్లో ఇంకో ఇస్తాంబుల్ క్లబ్ దారుష్షఫాకా మీద. నెల తిరక్కుండానే కోవిడ్ వచ్చింది, లీగ్ రద్దు, యూరోలీగ్ రద్దు. ఆ వేసవిలో ఒబ్రాడోవిచ్ వెళ్ళిపోయాడు. అందరూ చిన్నచూపు చూసే ఈ కప్పే ఆయన ఫెనర్‌తో ఎత్తిన ఆఖరి ట్రోఫీ. ఎఫెస్ ఏమో 2021లో బార్సిలోనాని 86-81తో, 2022లో రియల్ మాడ్రిడ్‌ని 58-57తో కొట్టి వరసగా రెండు యూరోలీగ్‌లు పట్టుకుపోయింది, అదే అతామన్, అదే లార్కిన్, అదే మిచిచ్. మళ్ళీ 2025లో ఫెనర్ వంతు, కప్పు, లీగ్, అబుదాబిలో మొనాకో మీద 81-70తో యూరోలీగ్, మూడూ.

మీరు ఆ 2019 కప్ ఫైనల్ మొత్తం వీడియో దొరికితే చూస్తానన్నారు కదా. దొరికితే బంతిని చూడకండి, వెసెలీ పాదాలని చూడండి. తర్వాత విటోరియా సెమీస్ పెట్టుకుని మళ్ళీ అవే పాదాలని చూడండి.